మూడో జత

పదకొండు రోజులు విని, పద్నాలుగు గళ్ల పట్టిక గీసి, తులజ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ నిర్ణయం ఒక్క ఫోన్ కాల్‌తో కూలిపోయింది.

విశాఖపట్నం సీతంపేటలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో ఆమె నాలుగేళ్లుగా పనిచేస్తోంది. పని నేర్పింది రహమతుల్లా మాస్టారు. ఆయన రేడియోలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చారు. మాట తక్కువ మనిషి. శిష్యురాలు తప్పు చేస్తే తప్పని చెప్పరు. "ఇంకోసారి విను" అంటారు, అంతే.

తులజది మంచి చెవి. ఆ సంగతి అందరికంటే ముందు ఆమెకే తెలుసు. ఎక్కడో వెనకాల డోలు దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడినా పట్టేస్తుంది. అందుకే స్టూడియో యజమాని సత్యవతిగారు మూడు జతల హెడ్‌ఫోన్స్ తెప్పించి, "వీటిలో ఏది ఉంచుకోవాలో నువ్వే చెప్పు" అని ఆమె చేతిలో పెట్టారు.

మూడూ వెనక మూత లేని రకం. చెవి మీద కూర్చునే గిన్నెకి వెనక గోడ ఉండదు, జల్లెడ లాంటి వల ఉంటుంది. లోపలి పాట కొంత బయటికి పోతుంది, బయటి చప్పుడు కొంత లోపలికి వస్తుంది. మైకు ముందు పాడేటప్పుడు ఇవి పనికిరావు. పాడిన పాటను తర్వాత కూర్చుని మిక్స్ చేసేటప్పుడు, ఏ గొంతు ఎంత ఉండాలి, ఏ వాయిద్యం ఎక్కడ వినపడాలి అని సర్దేటప్పుడు మాత్రం ఇవే కావాలంటారు పనిమంతులు. శబ్దం తలలో ఇరుక్కోకుండా కాస్త ఊపిరి పీల్చుకుంటుందట.

తులజ మూడింటికీ ఒకటి, రెండు, మూడు అని తెల్ల టేపు ముక్కలు అంటించింది. తెలిసిన పాటలే మళ్లీ మళ్లీ పెట్టుకుని విని మార్కులు వేసింది. ఒకటో జతలో బేస్ గుండెకి తగులుతోంది. రెండో జత గాజులా ఉంది. గాయకుడు పెదవులు తడుపుకున్నా తెలుస్తోంది. మూడో జత దగ్గర రాయడానికి ఆమెకేమీ దొరకలేదు. "చప్పగా ఉంది" అని రాసి వదిలేసింది.

రెండో జతతోనే బల్ల సూర్యలింగం అనే నేతగాడి పాటలు ఆమె మిక్స్ చేసింది.

సూర్యలింగం పొందూరు అవతల ఒక నేతపల్లెలో ఉండేవాడు. పగలంతా మగ్గం నేస్తూ తత్వాలు పాడేవాడు. మూడేళ్ల కిందట రహమతుల్లా మాస్టారే మైకులు పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పదమూడు పాటలు రికార్డు చేసుకొచ్చారు. మరుసటి ఏడు సూర్యలింగం పోయాడు. ఆ గొంతు ఇక ఆ పదమూడు పాటల్లోనే ఉంది.

తులజ వాటిని ఎంతో శ్రద్ధగా శుభ్రం చేసింది. దగ్గులు తీసేసింది. పక్కింటి మగ్గాల చప్పుడు అణిచేసింది. కోళ్ల కూతలు లేకుండా చేసింది. మధ్యమధ్యలో ఎవరో "ఊఁ" అంటుంటే ఆ ముక్కలన్నీ ఏరి కత్తిరించింది. చివరికి గొంతూ, ఏకతారా మాత్రం మిగిలాయి, కడిగిన ముత్యాల్లా.

పాటలు విడుదల చేసేముందు సూర్యలింగం భార్య చౌడమ్మ ఒప్పుకోవాలి. ఆమెకు పంపించారు. ఆమె మనవరాలి ఫోన్‌లో రెండు పాటలు విని, సత్యవతిగారికి ఫోన్ చేయించింది. "ఇది మా ముసిలోడు కాదు. ఎవుళ్లదో గొంతు. వొద్దు, బయిటికి వొదలకండి."

ఆ మాట తులజకు ముల్లులా గుచ్చుకుంది.

"ఫోన్ స్పీకర్‌లో వింటే ఎవరి గొంతైనా అలాగే ఉంటుంది మాస్టారూ," అంది. "మంచి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే ఆవిడే మాట వెనక్కి తీసుకుంటుంది."

మాస్టారు ఆమె పట్టిక తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. మడిచి చేతికిచ్చారు.

"రేపు పొద్దున్న పోదాం. మూడు జతలూ తీసుకో."

"రెండోది చాలు కదా మాస్టారూ."

"మూడూ. నువ్వు చేసిన పాట, చేయకముందు పాట, రెండూ తీసుకో."

*

వాళ్లు బస్సు దిగి నడిచి వెళ్లేసరికి తొమ్మిదిన్నర అయింది. వీధిలో రెండు మూడు ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వినపడుతోంది. చౌడమ్మ ముందుగదిలో చాప మీద కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని పత్తి శుభ్రం చేస్తోంది. డెబ్భై దాటిన మనిషి. ఆమె వెనక నేలలో మగ్గం గుంట ఉంది. మగ్గం మీద నేత లేదు. గోడవార నీళ్లకుండ, దాని మీద బోర్లించిన గ్లాసు.

"రండి బాబూ, కూకోండి," అంది మాస్టారిని గుర్తుపట్టి. తులజ వైపు చూసి, "ఈ పిల్లేనా పాటలు బాగు సేసినాది?" అని అడిగింది.

బాగు సేసినాది అన్న మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అయినా తులజ తల దించుకుంది.

లాప్‌టాప్ చాప మీద పెట్టి, రెండో జత తీసి, ఆమె చెవులకు తనే తొడిగింది. తన మిక్స్ పెట్టింది. చౌడమ్మ ఓ నిమిషం కదలకుండా వింది. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి జాగ్రత్తగా కింద పెట్టింది.

"బాగుంది తల్లీ. సానా బాగుంది. మా ఆయన కాదు."

తులజ మాస్టారి వైపు చూసింది. ఆయన లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, చేయకముందు పాట తెరిచారు. ఎవరూ ముట్టుకోని ముడి రికార్డింగ్. అదే రెండో జత మళ్లీ చౌడమ్మ చెవులకు పెట్టి, మొదటినుంచి వినిపించారు.

వెనక మూత లేని రకం కాబట్టి పక్కన కూర్చున్న తులజకు కూడా సన్నగా వినపడుతోంది. మొదట ఎవరో చాప మీద సర్దుకుని కూర్చున్న చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత చౌడమ్మను పిలుస్తూ ముసలి గొంతు: "సౌడీ, నీళ్లు." పాట మొదలవకముందు మాటలవి. తులజ మిక్స్‌లో ఆ ముక్క లేదు.

చౌడమ్మ మొహం చిట్లించింది.

"ఇది ఆయనే," అంది. "గానీ అద్దాల పెట్టిలో పెట్టినారు."

మాస్టారు తల ఊపి, ఒకటో జత తొడిగారు. మళ్లీ అదే దగ్గు, అదే మాట. "సౌడీ, నీళ్లు." చౌడమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని వింది.

"ఆయనే. నూతిలోంచి పిలుస్తన్నట్టున్నాది. మన్లో మడిసిలాగ లేడు."

మాస్టారు మూడో జత తీశారు. టేపు ముక్క మీద తులజ చేతిరాత, దాని పక్కన చిన్నగా ఒక ప్రశ్న గుర్తు. వాటిని చౌడమ్మ తల మీద మెల్లగా పెట్టి, నెరిసిన జుట్టు చెదరకుండా సర్దారు. మళ్లీ మొదటినుంచి.

చాప చప్పుడు.

చౌడమ్మ పత్తి చేతిలోకి తీసుకుంది. వింటున్నట్టు కూడా లేదు. తన పని తాను చేసుకుంటున్నట్టుంది. వీధిలో మగ్గం ఆడుతోంది, పెరట్లో కోడి కొక్కరిస్తోంది. అందులో ఏది ఈ పొద్దుటిదో, ఏది మూడేళ్ల కిందటిదో తులజకు తెలియలేదు.

దగ్గు.

"సౌడీ, నీళ్లు."

చౌడమ్మ దవడ ఎముక పక్కన పెట్టింది. నేల మీద చెయ్యి ఆన్చి లేచింది. "ఇదిగో," అంటూ కుండ వైపు రెండడుగులు వేసింది.

వైరు బిగిసింది. హెడ్‌ఫోన్స్ ఒక పక్కకి జారాయి.

ఆమె ఆగిపోయింది. గ్లాసు కోసం చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. ఇదే మాట ఆ మనిషి రెండుసార్లు వింది. రెండుసార్లూ కూర్చునే వింది. చనిపోయినవాడి గొంతని తెలుసు, యంత్రమని తెలుసు, తల మీద బరువు ఉంది. మూడోసారి మాత్రం లేచి వెళ్లింది.

తులజ గబుక్కున లాప్‌టాప్ ఎత్తి పట్టుకుని లేచింది, వైరు వదులయ్యేలా. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. ఇద్దరూ అలా నిలబడే ఉన్నారు, ఒకరు కుండ దగ్గర, ఒకరు చాప దగ్గర, మధ్యలో వైరు.

"అలవాటు," అంది చౌడమ్మ. వెనక్కి వచ్చి కూర్చుంది. హెడ్‌ఫోన్స్ తీయలేదు. తనే సర్దుకుంది.

పాట మొదలైంది.

*దారం తెగితే ముడి వేసేవు, ఊపిరి తెగితే ఏమి వేసేవు...*

చరణం చివర చౌడమ్మ "ఊఁ" అంది. అదే క్షణాన హెడ్‌ఫోన్స్‌లోంచి సన్నగా ఇంకో "ఊఁ" వినపడింది. రెండూ ఒకటే గొంతు. మూడేళ్ల తేడా ఉన్న రెండు గొంతులు ఒక్కలా పడ్డాయి.

 ఎవరో అనుకుని తులజ ఏరి ఏరి కత్తిరించిన ముక్కలు అవి. ఒక్కొక్కటీ ఎంత నేర్పుగా తీసిందో, అతుకు కనపడకుండా ఎలా కలిపిందో గుర్తొచ్చింది. దాని గురించి సత్యవతిగారి దగ్గర గొప్పగా చెప్పుకుంది కూడా.

పాట అయ్యాక మెల్లగా అడిగింది. "అమ్మా, మీరెందుకు ఊఁ అంటారు?"

చౌడమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచినట్టుంది.

"నాను ఊఁ అంటేనే గదా ఆయన రెండోది ఎత్తేవోడు. అనకపోతే అక్కడే ఆగిపోయి నా ఏపు సూసేవోడు."

మాస్టారు చౌడమ్మను అడిగి హెడ్‌ఫోన్స్ తీసుకుని, తులజ తల మీద పెట్టారు. మగ్గం గుంట చూపించి, అందులో కూర్చోమని సైగ చేశారు.

ఆమె గుంటలో కాళ్లు దింపి కూర్చుంది. పాట మళ్లీ మొదలైంది. మూడు నెలలుగా వింటున్న పాటే. కళ్లు మూసుకోవాల్సిన పని కూడా లేకపోయింది. తను కూర్చున్న చోటునుంచే సూర్యలింగం పాడుతున్నాడు. కిటికీ కుడిపక్కన ఉంది, పక్కింటి మగ్గం అందులోంచి వస్తోంది. చౌడమ్మ ఎడమపక్కన చాప మీద ఉంది. ప్రతి చరణం చివరా అతని గొంతు ఒక రవ్వ పలచబడుతోంది. ఆ పలచదనాన్ని తులజ లోపమనుకుని, స్థాయి పెంచి సరిచేసింది. అది లోపం కాదు. అతను మైకు మీదినుంచి మొహం పక్కకు తిప్పుతున్నాడు. ఎడమవైపుకి. "ఊఁ" వచ్చాక మళ్లీ ఇటు తిరుగుతున్నాడు.

తులజ తల తిప్పి ఎడమవైపు చూసింది. చౌడమ్మ పత్తి శుభ్రం చేసుకుంటోంది.

ఆమె అలాగే చాలాసేపు కూర్చుంది. పాట ఎప్పుడో అయిపోయింది. వీధిలో మగ్గం, పెరట్లో కోడి వినిపిస్తూనే ఉన్నాయి.

"అయిపోనాదేటి?" అని అడిగింది చౌడమ్మ.

మళ్లీ మొదటినుంచి పెట్టమని తులజ మాస్టారికి సైగ చేసింది.

*

తిరిగొచ్చాక ఆమె తన మిక్స్ పక్కన పడేసి, ముడి రికార్డింగ్‌తో మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి మూడో జతతో. తొమ్మిది రోజులు పట్టింది. తీసేయడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. ఒకచోట లారీ హారన్ తగ్గించింది. మైకు స్టాండు తగిలిన చప్పుడు తీసింది. గొంతు పలచబడినచోట చెయ్యి పెట్టలేదు. దగ్గు ఉంచింది. నీళ్లు అడిగిన మాట ఉంచింది, గ్లాసు కుండకు తగిలిన చప్పుడుతో సహా.

చౌడమ్మ ఈసారి కూడా మనవరాలి ఫోన్‌లోనే వింది. అదే ఫోన్, అదే స్పీకరు. సాయంత్రం కబురొచ్చింది. "ఆఁ. ఈడే మా ముసిలోడు. వొదిలీండి."

సత్యవతిగారు సంతోషించి, హెడ్‌ఫోన్స్ సంగతి గుర్తుచేశారు. ఏ జతో రాసి, గుణాలు, లోపాలు విడివిడిగా రాసి ఇమ్మన్నారు. మిగతా రెండూ వెనక్కి పంపాలి.

తులజ పాత పట్టిక బయటికి తీయలేదు. కొత్త కాగితం మీద మూడో జత పేరు రాసింది. గుణాలు అన్నచోట కలం ఆగింది. చాలాసేపు ఆలోచించి, దాన్ని ఖాళీగా వదిలేసింది. ఆ కింద ఒక్క మాట రాసి, కాగితం మాస్టారికిచ్చింది.

రహమతుల్లా మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"గుణాలేమీ లేవా?"

"ఏం రాయాలో తెలియలేదు మాస్టారూ."

"లోపం మాత్రం దొరికింది."

"దొరికింది."

ఆయన పైకి చదివారు. "వైరు పొట్టి."

కాగితం మీదినుంచి తల ఎత్తి ఆయన తన శిష్యురాలి వైపు చూశారు. తర్వాత ఆమె చేతిలోని కలం అడిగి తీసుకుని, కింద సంతకం పెట్టారు.