లంగోట కట్టు

గట్టయ్య పైల్వాన్ నవ్వడం మానేశాడు.

నవ్వితే తడుస్తుంది. దగ్గినా అంతే, నీళ్ల బిందె ఎత్తినా అంతే, మంచం మీంచి గబుక్కున లేచినా అంతే. ప్రోస్టేట్‌లో క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. ప్రాణం దక్కింది. పట్టు పోయింది. ఏడాదికి పైగా డాక్టర్ చెప్పిన బిగింపు వ్యాయామాలన్నీ ఒళ్లు దాచుకోకుండా చేశాడు. కొంత తగ్గింది గానీ ఆగలేదు. వరంగల్ మట్టెవాడ కుస్తీ తాలీంలో ఒకప్పుడు చెరో చంకన ఒక మనిషిని ఇరికించుకుని మట్టి చుట్టూ తిరిగినవాడు, ఇప్పుడు లోపల మడత గుడ్డ పెట్టుకుని, మరక కనబడదని నల్ల లుంగీలే కడుతున్నాడు.

"చిన్న పని" అన్నాడు డాక్టర్ రఘోత్తం. "మూత్రం వచ్చే గొట్టం కింద జాలీలాంటి పట్టీ ఒకటి వేస్తాం. ఊయల బిడ్డను ఆపినట్టు అది గొట్టాన్ని ఆపుతుంది. స్లింగ్ అంటారు. నూటికి నూరు అని మాటివ్వను గానీ, మీపాటి కారేవాళ్లలో చాలామందికి ఈ గుడ్డల బాధ తప్పుతుంది."

"పట్టీ మీద బతకాల్నా నేను?" అని లేచి వచ్చేశాడు గట్టయ్య. "నా ఒళ్లును నేనే ఆపుకోలేకపోతే ఇంక పైల్వాన్‌నెట్లయిత?"

ఆనాటి నుంచి తాలీం వైపు కూడా పోలేదు. అడిగినవాళ్లకు మోకాలి నొప్పని చెప్పాడు. మగవాడి సిగ్గు ఎప్పుడూ మోకాళ్లలోనే నొప్పి పెడుతుంది మరి.

అతని గురువు మదార్ సాబ్ ఉస్తాద్‌కు ఎనభై దాటాయి. తన తర్వాత తాలీం గట్టయ్యదేనని పదిమందిలో ఎప్పుడో చెప్పేశాడు. ఇప్పుడు ఉస్తాద్ చేతులు పార పట్టలేవు, శిష్యుడేమో గడప దాటడు. తిరగెయ్యని మట్టి గడ్డకడుతోంది. ఆ జాగా గోదాముకు ఇమ్మని అడిగేవాళ్లు అప్పుడే వాకిట్లో కొలతలు చూసి పోయారు కూడా.

ఒక సాయంత్రం ఉస్తాద్ ఆటో కట్టించుకుని తానే గట్టయ్య ఇంటికి వచ్చాడు.

"మోకాలెట్లున్నది బేటా?"

"గుంజుతున్నది ఉస్తాద్."

చాయ్ తెచ్చిన సత్తెమ్మ కప్పు ఠక్కున కింద పెట్టింది. "మోకాలు మంచిగనే ఉన్నది ఉస్తాద్. ఉచ్చ ఆగుతలేదు, గంతే. డాక్టర్ లోపల పట్టీ ఏస్తనంటే వద్దని లేచొచ్చిండు. దొంగతనం చేసినోని లెక్క ఇంట్ల దాక్కుంటుండు."

"ఏయ్! నోరు మూయి!"

"ఎందుకు మూస్త? నలుగురిని కన్న నేను. తుమ్మినా దగ్గినా తడుసుకుంటనే నాట్లేసిన, నీ మందికి వండిపెట్టిన. ఒక్కనాడన్న తలుపేసుకొని కూసున్ననా? నీకొచ్చేసరికి లోకం మునిగిందా?"

ఆ ముక్క పెళ్లయిన నలభై ఏళ్లలో ఆమె చెప్పడం అదే మొదలు. అతను అడిగిందీ ఎప్పుడు గనక! గట్టయ్య నేలకేసి చూశాడు.

ఉస్తాద్ చాయ్ చప్పరించి తాగాడు. డాక్టర్ సంగతి అడగలేదు, పట్టీ ఊసెత్తలేదు. పోతూ పోతూ, "పొద్దుగాల తాలీంకు రా. నువ్వు కుస్తీ పట్టకు. మన పోరడు యాదగిరి దసరా దంగల్ పోటీలకు పోతుండు, వాని పట్లు జర దిద్దు" అన్నాడు.

గురువు ఇంటికొచ్చి అడిగాక పోకుండా ఎలా ఉంటాడు? పొద్దున్నే నల్ల లుంగీ కట్టుకుని వెళ్లి, గోడవార కూర్చున్నాడు. మజ్జిగ, పసుపు కలిపిన ఎర్రమట్టి వాసన తగిలేసరికి కళ్లు మూసుకుని పీల్చాడు.

ఆ తాలీంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎంత మొనగాడైనా సరే, మట్టిలో దిగే ముందు ఉస్తాద్ దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి నిలబడాలి. ఆయన లంగోట ముడి పట్టుకుని ఒక్క గుంజు గుంజి, "కట్టు చూసుకున్నవా?" అంటాడు. తర్వాతే కుస్తీ.

ఇవాళ ఉస్తాద్ పిలవలేదు. యాదగిరి లోపలి గదిలోంచి వదులు చెడ్డీ ఒక్కటి వేసుకుని, తొడలు దగ్గర పెట్టుకుని, కొత్త కోడలిలా అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు. మట్టికి దండం పెట్టి దిగాడు. ఎదుటివాడి మీదికి వంగబోయాడు.

"ఆగు!"

గట్టయ్య అరుపుకు తాలీం అదిరింది. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు మట్టిలోకి దూకాడో అతనికే తెలియదు.

"లంగోట ఏదిరా? సిగ్గులేదా? గిట్లనే దిగుతవారా?"

"ఉస్తాదే ఇడిసి రమ్మన్నడన్నా" అన్నాడు యాదగిరి బిక్కమొహంతో.

గట్టయ్య గురువు వైపు తిరిగాడు. "ఇదేంది ఉస్తాద్? పట్టు పట్టంగనే బరువంతా కిందికి దుంకుతది. నరం గుంజుకుంటది, పేగు జారుతది. పోరడు ఖతమైతడు!"

"యాదగిరి మంచి బలమున్నోడే గద?"

"బలముంటే ఏంది? ఎంత బలమున్నోనికైనా కింద కట్టు లేకుంటే..."

గట్టయ్య చెయ్యి లుంగీ మీదికి పోయింది.

అరిచిన అరుపుకు లుంగీ తడిసిన సంగతి అప్పుడు తెలిసింది.

"అచ్ఛా" అన్నాడు ఉస్తాద్. మట్టిగడ్డ ఒకటి తీసి వేళ్ల మధ్య చిదుముతూ కూర్చున్నాడు.

"ఇగ కట్టుకోవాల్నా, వద్దా? చలి పెడుతున్నది" అన్నాడు యాదగిరి.

"కట్టుకొని రాపో."

వాడు కట్టుకొచ్చాక ఉస్తాద్ చెయ్యి చాపలేదు. గట్టయ్యే ముడి పట్టుకుని గట్టిగా గుంజాడు.

ఇంటికి వెళ్లేసరికి సత్తెమ్మ బియ్యం చెరుగుతోంది.

"డాక్టర్ తానికి ఎన్నడు పోదాం?" అన్నాడు చెప్పులు విడుస్తూ.

"చెప్పులు ఇడవకు" అంది సత్తెమ్మ, చేట పక్కన పెట్టి లేస్తూ.

ఆపరేషన్ రోజున ఉస్తాద్ కర్ర పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. యాదగిరి ఆయన రెక్క పట్టుకున్నాడు. ఆకుపచ్చ బట్టల్లో ఉన్న డాక్టర్ రఘోత్తం థియేటర్ తలుపు దగ్గర ఆగి జాగ్రత్తలు చెబుతున్నాడు. "ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. బైఠక్‌లు తీయకూడదు. ఆ తర్వాత కూడా నన్నడగకుండా మట్టిలో దిగకూడదు."

"ఎత్తడు సాబ్" అన్నాడు ఉస్తాద్. "ఎత్తిపిస్తడు."

స్ట్రెచర్ కదిలింది. తలుపులు మూసుకోబోతుంటే ఉస్తాద్ కర్ర అడ్డం పెట్టాడు.

"డాక్టర్ సాబ్! ఆఖర్ల కట్టు ఒకపారి గుంజి చూడుండ్రి."

డాక్టర్ తెల్లబోయి చూశాడు. యాదగిరి కిసుక్కుమన్నాడు. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్ట్రెచర్ మీద గట్టయ్య బొజ్జ ముందు కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత స్ట్రెచర్ చక్రాలు కిర్రుమన్నాయి. ఏడాదిన్నరగా దాచిపెట్టిన నవ్వు ఆసుపత్రి వరండా అంతా దొర్లింది.

తడిసింది. గట్టయ్య గుడ్డ సర్దుకోలేదు.