మడుగు దగ్గర రెండు వేళలు

ఇందులో ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ వచ్చినా రావచ్చు. ఈమధ్య వరస తప్పిపోతోంది. మడుగు ఎలా చేజారిందన్నది మాత్రం మరిచిపోలేదు కనక చెబుతాను.

కొండ కింద ఒక మడుగుంది. వేసవిలో వాగులన్నీ ఎండిపోయాక అడవి మొత్తానికి అదే దిక్కు. అడవిలో పక్షాలు రెండు. గడ్డీ ఆకూ తినేవాళ్ళది మేతపక్షం. రేచుకుక్కలూ తోడేళ్ళూ నక్కలూ కలిసింది వేటపక్షం. ఫాల్గుణ పున్నమి నాడు, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒడ్డున ఎవరు ఎక్కువమంది నిలబడితే ఆ వేసవంతా మడుగు వాళ్ళది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ దయ మీద తాగాలి. లెక్క చూసేది ముసలి కొంగ.

మేతపక్షానికి పెద్ద, అడవిబర్రె కోటమ్మ. ఒక ఏడు వేటపక్షం గెలిచినప్పుడు ఆమె దూడ నీళ్ళకి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంకే తల్లికీ ఆ గతి పట్టకూడదని ఆమె పెద్దరికం నెత్తికెత్తుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ ఓడలేదు కూడా. గడ్డి తినేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువేగా.

చిక్కంతా లోపలే వచ్చింది. మేతపక్షంలో కణుజులని పెద్దజింకలున్నాయి, వాటికి కొండదేవర భక్తి ఎక్కువ. దేవరకి పెట్టందే ఇప్పపువ్వు ముట్టరు, కొండకి మొక్కందే నీళ్ళు తాగరు. దుప్పులకీ దేవర ఉన్నాడు గాని, ఇప్పచెట్టు కింద పువ్వు రాలితే మాత్రం గుర్తురాడు.

"దేవర సొమ్ము తిని, ఆ మూతితోనే మడుగులో నీళ్ళు తాగుతారా?" అన్నాడు కణుజుల పెద్ద సోమలింగం. "వాళ్ళని పక్షంలోంచి పంపెయ్యి కోటమ్మా. లేదా వాళ్ళున్న ఒడ్డుకి మేం రాం."

"మా మూతి వాసన చూడ్డమేనా మామా నీ భక్తి?" అన్నాడు దుప్పుల పెద్ద పుల్లయ్య. "అత్తా, మేం లేకపోతే నీ పక్షంలో మిగిలేదెవరు? పొద్దున లేచింది మొదలు వీళ్ళ సణుగుడు పడలేకపోతున్నాం. మొక్కుకునేవాళ్ళని మొక్కుకోమను, మేసేవాళ్ళ జోలికి రావద్దను."

కోటమ్మకి ఇద్దరూ కావాలి. సోమలింగంతో, "నువ్వన్నది న్యాయమే, చూద్దాం" అంది. పుల్లయ్యని పక్కకి పిలిచి, "ఆయన చాదస్తం నీకు తెలియనిదా, పట్టించుకోకు" అంది. ఇద్దరూ ఆమె తమవైపే అనుకుని వెళ్ళారు. ఆమెకి మాత్రం నెమరు సాగలేదు.

అది చూసి నక్క దాసు వచ్చాడు.

"నీకిక్కడేం పని?" అంది కోటమ్మ.

"పనేం లేదక్కా. పక్షం వేరైనా నువ్వంటే నాకు గౌరవం. ఇంతమందిని ఒక్క చేతిమీద నడుపుతున్నావు, చిక్కిపోయావు కూడా." కాస్త దూరంలో కూర్చున్నాడు. "ఇద్దరూ ఒకరినొకరు చూడలేరు, అంతేగా. చూడకుండా ఏర్పాటు చెయ్యి. కణుజుల్ని తెల్లవారగానే రమ్మను, తాగి మొక్కుకుని పోతారు. దుప్పుల్ని పొద్దెక్కాక రమ్మను."

"మరి లెక్క?"

"కొంగ పొద్దున్నుంచీ నీళ్ళలోనే ఉంటాడుగా. వచ్చినవాళ్ళందరినీ వచ్చినట్టే వేసుకుంటాడు."

కొంగని ఒకమాట అడిగితే సరిపోయేది. మడుగు ఎంతో దూరం కాదు. కాని ఆ ఏర్పాటు కోటమ్మకి ఎంత హాయిగా తోచిందంటే, అడిగితే ఎక్కడ పాడవుతుందోనని అడగలేదు. ఎవరికీ కాదని చెప్పక్కర్లేదు, ఎవరి మొహమూ చిన్నబోదు. సోమలింగంతో, "దుప్పులుండవు, నాదీ మాట" అంది. పుల్లయ్యతో, "కణుజులు వెళ్ళిపోయాకే మీరు రండి" అంది.

పున్నమి నాడు తెల్లవారింది. కణుజులు వచ్చి మొక్కుకుని, తాగి, కొండవాలు ఎక్కేశాయి. పొద్దెక్కాక దుప్పులు గెంతుకుంటూ దిగాయి. ఒక్క గొడవ లేదు. ఇన్నాళ్ళూ ఈ ఉపాయం తనకెందుకు తట్టలేదా అనుకుంది కోటమ్మ.

పొద్దు నడినెత్తికి వస్తుండగా అవతలి ఒడ్డున పొదలు కదిలాయి. రేచుకుక్కలు, తోడేళ్ళు, నక్కలు, ఒక్కటి తప్పకుండా వచ్చి నిలబడ్డాయి. కొంగ మెడ సాచి రెండు ఒడ్లూ చూశాడు.

"పొద్దున వచ్చిన కణుజుల్ని కూడా వేసుకో అన్నా" అంది కోటమ్మ.

"పొద్దున వచ్చినవాళ్ళ లెక్క నాకెందుకు తల్లీ? ఇప్పుడు ఒడ్డున ఉన్నవాళ్ళే లెక్క. ఎప్పుడూ అంతేగా."

కోటమ్మ దాసు వంక చూసింది. వాడు ముంగాలు నాకుకుంటున్నాడు. కొండవాలు మీద మేస్తూ కణుజులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

"సోమలింగం, దిగి రండయ్యా. మడుగు పోతోంది."

"దుప్పుల్ని తప్పుకోమను, వస్తాం" అన్నాడు పైనుంచి సోమలింగం.

"వాళ్ళు తప్పుకుంటే మీరొచ్చీ లాభం లేదు. అందరూ ఉండాలి."

"వాళ్ళుండరని మాటిచ్చింది నువ్వే కదా."

ఆమె పుల్లయ్య వైపు తిరిగింది. "నువ్వైనా పిలువు నాయనా. మామా అని ఒక్కసారి పిలిస్తే దిగుతాడు."

"నేనెందుకు పిలవాలత్తా? ఆయన చాదస్తం పట్టించుకోవద్దని చెప్పింది నువ్వు కాదూ?"

పై నుంచి ఒకరూ, కింద నుంచి ఒకరూ ఆమె మాటల్ని ఆమెకే అప్పజెబుతూ ఉండగా పొద్దు నడినెత్తి దాటింది. కొంగ వేటపక్షం వైపు తల ఊపి, మళ్ళీ చేపల పనిలో పడ్డాడు.

ఆ వేసవి సంగతి ఎక్కువ చెప్పను. వేటపక్షం తాగి, దొర్లి, లేచాక మిగిలిన బురదనీళ్ళకోసం మేతపక్షం పిల్లల్ని మధ్యలో పెట్టుకుని ఎండలో నిలబడేది. కణుజు పక్కన దుప్పి, దుప్పి పక్కన కణుజు. ఇప్పపువ్వు ఎవరు తిన్నారని ఎవరూ అడగలేదు. వెళ్ళేటప్పుడున్న పిల్లలు వచ్చేటప్పుడు ఉండేవి కావు. ఒకనాడు పుల్లయ్య పిల్ల, ఇంకోనాడు సోమలింగం మనవరాలు.

"ఎంత ముచ్చటగా కలిసిపోయారక్కా" అన్నాడు దాసు ఒడ్డున పడుకుని. "ఆ రోజే ఇలా నిలబడి ఉంటే మాకు చోటేదీ?"

కోటమ్మ బురదలో మూతి పెట్టి, తాగకుండా అలాగే ఉండిపోయింది.

ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి కాదని చెప్పడానికి జంకినవాళ్ళు, ఇద్దరినీ చాటుగా అవునంటూ పోగొట్టుకుంటారు.

అమ్మాయీ హైమా, నేను చెప్పింది రాశావుగా, పేర్లు ఒకసారి చూసిపెట్టు. కణుజు సోమలింగమేనా, దుప్పి పుల్లయ్యేనా? ఒకరి పేరు ఒకరికి పెట్టి ఉంటే దిద్దు. అలా కలిపేస్తే ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు కారు.