రాజుగారి ఆకులో మిగిలింది

ఒకానొక రాజ్యంలో కుందనపురి అనే నగరం ఉండేది. అది ఏ దిక్కున ఉందని మాత్రం అడక్కండి. మా వీధి చివర ఏ దిక్కో కూడా నాకు సరిగా తెలియదు. కానీ ఆ నగరంలో గొప్పవాణ్ణి గుర్తుపట్టడం నాలాంటివాడికి కూడా సులువే. వాడు తిని లేచిన విస్తరాకు చూస్తే చాలు. ఎంత వదిలేస్తే అంత గొప్పవాడు.

ఈ మర్యాద ఎలా పుట్టిందంటే, రాజుగారి తాతగారికి ఒక పండుగ విందులో దవడపన్ను సలిపింది. పాపం, గారె కొరకలేక, పులిహోర నమలలేక, ఆకులో సగం వదిలేసి లేచాడు. పంక్తిలో ఉన్న మంత్రులు అది చూశారు. ప్రభువే సగం వదిలాక మనం ఊడ్చుకు తింటే ఏం బాగుంటుందని వాళ్ళూ సగం వదిలేశారు. మర్నాడు వైద్యుడు వచ్చి పన్ను పీకేశాడు. మర్యాదను పీకే వైద్యుడు మాత్రం దొరకలేదు.

మనవడు కుంజరవర్మ సింహాసనం ఎక్కేనాటికి అది ముదిరి పాకాన పడింది. ఆయన ఒక్కో వంటకాన్నీ వేలికొసతో పలకరించి వదిలేసేవాడు. సేనాపతి నాలుగు మెతుకులు కొరికి లేచేవాడు. తర్వాత ఇంటికి పోయి, తలుపు గడియ పెట్టుకుని, చద్దన్నం కుండ పక్కన కూర్చునేవాడని వినికిడి. చూసి చూసి ఊరంతా అదే పట్టుకుంది. గాదెలో గింజలు నిండుకున్నవాడు కూడా పొరుగువాడు తొంగిచూస్తున్నాడంటే పిడికెడు అన్నం వదిలిపెట్టేవాడు.

వదిలిందంతా ఎక్కడికి పోయేది? గవ్వలవాగులోకి. రాజభవనం పెరటిగోడ వెనక నుంచి పారే వాగు అది. ఊరు దాటబోయే ముందు కుమ్మరివీధిని ఒరుసుకుంటూ పోతుంది.

ఆ కుమ్మరివీధిలో పుట్టినవాడే బొల్లన, రాజుగారిని నవ్వించే ఆస్థాన చమత్కారి. బడి మెట్లు ఎక్కినవాడు కాదు. నాలుగు పద్యాలు గోడ అవతల నుంచి విని నేర్చుకున్నవాడు. కులవృత్తి కూడా అబ్బలేదు. "నా చేతి కుండలో నీళ్ళు పోసుకుని బయల్దేరితే, నేను ఇంటికి చేరేసరికి కుండ ఒక్కటే మిగిలేది," అని తనమీద తనే చెప్పుకుని సభను నవ్వించేవాడు. తల్లీ తండ్రీ లేని వాణ్ణి పెంచింది అక్క నాంచారి. "నీకు కుమ్మరిసారె తిరగదురా, నాలుక ఒక్కటే తిరుగుతుంది. అది పనికొచ్చే చోటికి పో," అని కోట దారి చూపించింది కూడా ఆమే.

ఇప్పుడు ఆ అక్కకే కష్టం వచ్చింది. కుండలకు మట్టి ఆ వాగు ఒడ్డునే తవ్వాలి. ఎంగిలాకులు, నెయ్యి, కుళ్ళిన అన్నం నాని నాని ఆ మట్టి చెడింది. చక్రం మీద బాగానే లేచేది. ఆవంలో పెట్టి కాల్చేసరికి నెర్రెలు విచ్చేది.

"రాజుగారితో చెప్పరా," అంది నాంచారి.

"చెబుతానక్కా. అదను రావాలి. మాట పండితేనే రాజులకు రుచిస్తుంది."

"పండేదాకా మేం ఏ మట్టితో చెయ్యాలిరా కుండలు?"

బొల్లన నవ్వేశాడు. జవాబు లేనప్పుడు నవ్వెయ్యడం అతని విద్యల్లో ఒకటి.

వానలు వెనకబట్టాయి. గాలి తిరిగింది. ఒక ఉదయం నిండు సభలో కుంజరవర్మ ముక్కు ముడిచాడు.

"ఏమిటీ కంపు?"

ఆస్థానంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎంత వంగాలో నిర్ణయించే సింగరాచార్యులు ముందుకు వచ్చాడు. "ప్రభూ, కుమ్మరివీధి వైపు నుంచి వస్తోంది. అల్పులు ఉండే చోటు అలాగే ఉంటుంది."

"వసంతోత్సవానికి పొరుగు రాజు వీరకేతు వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా ఆ వీధి ఖాళీ కావాలి," అన్నాడు రాజు, ఈగను తోలినంత తేలికగా.

'అది మీ ఆకుల కంపు, ప్రభూ' అన్న మాట బొల్లన నాలుక కొసదాకా వచ్చింది. కానీ ఆ మాటలో అందం లేదు, ఒంపు లేదు. ఎవరూ నవ్వరు. తల కూడా పోవచ్చు. దాన్ని మింగేసి ఇంకొకటి బయటికి తీశాడు.

"మహారాజా, నా బుర్ర కూడా నా కుండల్లాంటిదే, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. అందుకని ఒక ఒరిగిన సందేహం. మన ఘనత అంతా ఆకులో వదిలినదాంట్లోనే ఉంది కదా?"

"సందేహమా?"

"మరి దాన్ని పెరటి దారిన, దొంగసొత్తులాగా, వాగులో పారబోస్తున్నామేమిటి ప్రభూ? వచ్చే అతిథికి మీ ఘనత కనిపించేదెలా? ఎవరు వదిలింది వాళ్ళ సింహద్వారం ముందే రాశిగా పోయించండి. చిన్న రాశి ఎవరిదో, కొండంత రాశి ఎవరిదో లోకమే చూస్తుంది. వాగులో వేసినవాడు మీ కీర్తిని నీళ్ళలో కలిపినవాడే!"

సింగరాచార్యులు పులకించిపోయాడు. ఇంత మంచి మర్యాద తనకు తట్టనందుకు కాస్త ఈర్ష్య కూడా పడ్డాడు. ఆ సాయంత్రమే దండోరా వేయించాడు: "ఎవరు వదిలింది వారి గుమ్మం ముందే! వాగులో వేసినవాడికి శిక్ష!"

బొల్లన అక్క దగ్గరికి పరుగెత్తాడు. "అక్కా, ఇక వాగులో ఒక్క ఆకు పడదు!"

"మంచిమాట చెప్పావు. మరి మమ్మల్ని పొమ్మన్న ఆజ్ఞో?"

"అది ఉత్సవం నాడు తేలుతుంది. అతిథి ముందు, అందరి ముందు. ఆ రాశి పెరగాలి, రాజుగారి ముక్కు పగలాలి, అప్పుడు విసురుతా మాట! నువ్వు కదలకు."

"ఇప్పుడే పోయి చెప్పెయ్యకూడదా, మామూలుగా?"

"మామూలుగా చెబితే ఎవరు వింటారక్కా?"

నాంచారి ఇద్దరికీ అన్నం పెట్టింది. తన ఆకులో మెతుకు మిగల్చకుండా తిని, ఆకును అవతలి వైపుకు మడిచింది. శుభానికైతే ఆకు మన వైపుకు మడుస్తాం. అవతలికి మడిచేది చావు కూడు తిన్నప్పుడే.

"ఎవరు పోయారక్కా?" అని వేళాకోళమాడాడు బొల్లన.

"ఊరొదిలి పోయేవాళ్ళు ఏ వైపు మడవాలో ఎవరూ చెప్పలేదురా," అంది నాంచారి. అతను దానికీ నవ్వాడు. మాట బాగుందనుకున్నాడు, ఎప్పుడైనా సభలో వాడుకోవచ్చనుకున్నాడు.

ఇక నగరం సంగతి చూడండి. మొదట్లో జనం పోటీలు పడి పోశారు. మేడల వీధిలో మీసాలు దువ్వుకుంటూ రాశులు చూపించుకున్నారు. ఆ తర్వాత ఎండ కాసింది. కాకులు వచ్చాయి, కుక్కలు వచ్చాయి, ఈగలు ఊరేగింపుగా వచ్చాయి. గుమ్మం దాటాలంటే పంచె ఎగగట్టాలి. వియ్యంకుడు వీధి మొగలోనే పలకరించి వెనక్కి తిరిగాడు. చివరికి ఆడవాళ్ళు అట్లకాడలు పట్టుకుని పంక్తి వెనక నిలబడ్డారు.

"తింటావా, లేక నీ గొప్పను నువ్వే తలమీద మోసుకుపోతావా?"

"తింటానే, తింటా!"

అలా ఒక్కో ఇంట్లో ఆకులు ఖాళీ కావడం మొదలైంది. తినగలిగినంతే వడ్డించుకున్నారు. తొక్కలూ తొడిమలూ పెరట్లో గుంట తీసి పూడ్చారు. ఆ గుంట పక్కన పెట్టిన ఆనపపాదు కప్పెక్కితే ఇరుగుపొరుగు వచ్చి విత్తనాలు అడిగారు. ఒకరి దగ్గర చూసి ఒకరు నేర్చుకున్నారు. చెడ్డ అలవాటు కూడా అలాగే కదా వచ్చింది.

కోట ముందు రాశి మాత్రం పెరుగుతూనే ఉంది. రాజు అల్పుడు కాలేడు కదా! బొల్లన రోజూ వెళ్ళి ఆ రాశిని, మాగబెట్టిన మామిడిపండ్లను చూసినట్టు చూసుకునేవాడు. ఇంకొంచెం పండాలి అనుకునేవాడు. ఆ ధ్యాసలో కుమ్మరివీధి మొహం చూడటం మానేశాడు.

ఉత్సవం నాడు వీరకేతు రానే వచ్చాడు, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని. పట్టపుటేనుగు స్వాగతానికి బయల్దేరి, రాశి దగ్గర ఆగి, తొండం ఎత్తి, వెనక్కి వెనక్కి నడిచి, బాకాలు ఊదేవాళ్ళ మీద పడబోయింది.

"ఏమిటిది?" అన్నాడు వీరకేతు.

సింగరాచార్యులు చేతులు కట్టుకుని, "మా ప్రభువు ఘనత," అన్నాడు.

"అవునవును. పొలిమేర దగ్గరే తెలిసిపోయింది."

కుంజరవర్మ ముఖం కందగడ్డ అయింది. "బొల్లనా! దీన్ని తక్షణం తీయించు!"

"చిత్తం ప్రభూ. ఎక్కడ పోయించను? పక్క గుమ్మం ఆచార్యులవారిది. అక్కడ పోస్తే రాజ్యంలో మహా ఘనుడు ఆయనే అవుతాడు."

సింగరాచార్యులు ఎగిరిపడ్డాడు. "వద్దు, వద్దు! నేను అల్పుణ్ణి!"

"అయితే సేనాపతిగారు..."

"నేను ఆయనకంటే అల్పుణ్ణి!"

"నేను మీ ఇద్దరికంటే!" అన్నాడు కోశాధికారి. మంత్రులందరూ ఒకరిని మించి ఒకరు అల్పులైపోయారు. వీరకేతు భుజాలు అదురుతున్నాయి.

"ఇంతకుముందు ఎక్కడికి పోయేదిరా ఇదంతా?" అని అరిచాడు రాజు.

బొల్లన ఎదురుచూసిన ప్రశ్న అదే. వంగి దణ్ణం పెట్టాడు. "కుమ్మరివీధికి, మహారాజా. ఇంత ఘనతను ఇన్నాళ్ళూ ఆ అల్పులే మోశారు. రండి, వాళ్ళ గుమ్మాల ముందు ఏం మిగిలిందో చూద్దురుగాని. చూశాక ఎవరు ఖాళీ చెయ్యాలో మీరే సెలవివ్వండి."

మాట పండింది. బొల్లనకు ఆ సంగతి చెవికే తెలిసింది. ఇద్దరు రాజులనూ వెంటబెట్టుకుని, గుండె చిందులేస్తుండగా, కుమ్మరివీధి మలుపు తిరిగాడు.

వీధి అద్దంలా ఉంది. ఏ గుమ్మం ముందూ ఒక్క మెతుకు లేదు, ఒక్క ఆకు లేదు. ముగ్గు కూడా లేదు. పొగ లేదు. ఏ ఇంటా సారె తిరుగుతున్న చప్పుడు లేదు.

అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, నడవలేక మిగిలిపోయినవాడు.

"తాతా, అందరూ ఏరీ?"

"కొండ అవతలికి పోయారు నాయనా. ఆఖరి ఆవంలో కుండలు కూడా పగిలాయి. ఎటూ పొమ్మన్నారు కదా అని పోయారు."

"మా అక్క?"

"ఆమే అందరికంటే ఆఖర్న కదిలింది. నీకు కబురంపుదామన్నాను. 'వద్దులే, వాణ్ణి తొందరపెడితే మాట చెడిపోతుందట,' అంది."

వెనక నుంచి కుంజరవర్మ నవ్వు వినిపించింది. ఉత్త గుమ్మాలను చూసి, తన కోట ముందు రాశిని తలుచుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "భలే, బొల్లనా! అల్పుల గుమ్మం అద్దం, ఘనుల గుమ్మం పెంట! ఓడిపోయానురా!" అంటూ మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు. ఆజ్ఞ రద్దయింది. ఆ ఆజ్ఞతో పనిపడే మనిషి ఆ వీధిలో లేడు.

రాజు మంచివాడే, కాకపోతే ఎవరైనా నవ్విస్తేనే మంచివాడు. ఆనాటి నుంచి తన ఆకు తనే ఊడ్చుకు తిన్నాడు. అది చూసి సేనాపతి హాయిగా కడుపునిండా తిన్నాడు. వాగును వీధికి ఇంతని పంచుకుని జనమే పూడిక తీశారు. నీళ్ళు తేటపడ్డాయి. ఒడ్డున మట్టి మళ్ళీ మెత్తగా, జిగటగా తయారైంది. దాన్ని పిసికే చేతులు మాత్రం తిరిగి రాలేదు. బొల్లన కొండ అవతలికి వెళ్ళి బతిమాలాడు. నాంచారి కొత్త మట్టితో చేసిన ముంతలో మజ్జిగ ఇచ్చి, "ఇక్కడ నాటుకున్నాంరా. మళ్ళీ పీకకు," అంది. కోపంగా కూడా అనలేదు.

మరుసటి వసంతానికి కోటలో పెద్ద విందు జరిగింది. పంక్తి పొడుగునా ఆకులు కడిగినట్టున్నాయి. అందరూ ఆకులను తమ వైపుకు మడిచారు. బొల్లన ఒక్కడే అవతలికి మడిచాడు.

రాజు చూశాడు. "ఏరా, శుభమా అని విందు చేసుకుంటుంటే! ఎవరు పోయారు?"

బొల్లన తలెత్తాడు. ఈసారి మాట పండేదాకా ఆగలేదు.

"కుమ్మరివీధి, ప్రభూ. మన ఎంగిలితో పోయింది. నాకు ముందే తెలుసు. తెలిసీ మీతో చెప్పలేదు."

రాజు అతని ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత ఒక్కసారిగా పకపకా నవ్వాడు.

"చూశారటయ్యా! నిజంగా ఏడుస్తున్నట్టే ఎలా పెట్టాడో మొహం!"

సభంతా గొల్లుమంది. కుంజరవర్మ చేతి కడియం తీసి విసిరాడు. అది వచ్చి బొల్లన ముందు, అవతలికి మడిచిన ఆకు మీద పడింది.