బోడిబండ ఎక్కిన గరుకమ్మ

ఎవరైనా పైనుంచి కిందపడగా మీరు చూశారా? చూసే ఉంటారు. ఏం చూశారో చెప్పండి మరి. జారిన కాలు చూశామంటారు. దుమ్ము కొట్టుకుపోయిన ఒళ్లు చూశామంటారు. నవ్వొచ్చిందని కూడా అంటారు. అంతేనా? పడకముందు వాళ్లు ఎంత ఎత్తు ఎక్కారో మీలో ఒక్కరూ చూడలేదా? చూడరు. అందుకే ఈ కథ చెప్పాల్సి వస్తోంది. కుదురుగా కూర్చుని వినండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ చెట్టూ చేమా మొలవని ఒక రాతికొండ. దాన్ని అందరూ బోడిబండ అనేవారు. దాని నెత్తిన ఒక దొన ఉండేది. దొన అంటే రాతిలో తనంతట తానే ఏర్పడిన లోతైన గుంట. అందులోకి చేరిన వాననీళ్లు ఎంత ఎండకూ ఇంకిపోయేవి కావు. ఒక సన్నటి నెర్రెలోంచి ఆ నీళ్లు మెల్లగా దిగి, కొండ అడుగున ఊటగా బయటికొచ్చేవి. అడవిలో జంతువులన్నిటికీ ఆ ఊటే ఆధారం.

కొండ పక్కన పుట్టల్లో ఉడుముల గుంపు కాపురముండేది. ఉడుము గోళ్లు దించి పట్టుకుందంటే దాన్ని ఊడబెరకడం ఎవరి తరమూ కాదు. ఆ పట్టే వాటి పరువు. పిల్ల ఉడుము ఈడుకు రాగానే గుంపులో ఒక వేడుక చేసేవారు. పిల్లను ఒక రాతిమీద ఉంచి, పెద్దలు ఒకరి తర్వాత ఒకరు తోక పట్టి లాగేవారు. ఊడిరాని పిల్లే అసలైన ఉడుము. గుంపుకు పెద్ద పట్టయ్య తాత. ఆయన ప్రతి పిల్లకూ ఒకే పాఠం చెప్పేవాడు.

"భయమేస్తే బిగించు. ఇంకా భయమేస్తే ఇంకా బిగించు. వదిలావంటే నువ్వు ఉడుమువే కాదు."

ఆ గుంపులో గరుకమ్మ అనే ఉడుముపిల్ల ఈడుకు వచ్చిన ఏడు, తోక లాగిన మేనమామలంతా ఆయాసపడి చతికిలబడ్డారు గానీ గరుకమ్మ కదల్లేదు. ఆ పొగరులో, బోడిబండ కొసదాకా ఎక్కుతానని గుంపు ముందు అనేసింది. అనడమే కాదు, ఎక్కడం మొదలుపెట్టింది.

సగం దాటాక బండ ఒకచోట బొజ్జలాగా ముందుకు ఉబ్బి ఉంటుంది. అంతదాకా ఏ ఉడుమూ ఎన్నడూ పోలేదు. గరుకమ్మ పోయింది. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

బొజ్జ కిందికి చేరాక గరుకమ్మ తల తిప్పి కిందికి చూసింది. పుట్టలన్నీ చిన్న మట్టిబెడ్డల్లా కనిపించాయి. గుండె ఝల్లుమంది. తాత పాఠం గుర్తొచ్చి నాలుగు కాళ్లూ బిగించింది. పొద్దు నడినెత్తికొచ్చింది. బండ పెనంలా కాలింది. గరుకమ్మ పైకి పోలేదు, కిందికి రాలేదు. అలాగే అతుక్కుని ఉంది. పొద్దు వాలేసరికి గోళ్లు మొద్దుబారాయి. జారి రేగుపొదలో పడింది. ముందరి కుడికాలి గోరు ఒకటి విరిగింది.

కొమ్మన్న అనే కోతి అప్పటికే అక్కడ కాచుకుని ఉంది.

"బండమీద బల్లి ఉందంటే చూడొచ్చాను. అప్పుడే దిగిపోయావేమే బల్లీ?"

ఉడుమును బల్లి అనడం కంటే పెద్ద తిట్టు లేదు. అడవి అంతా విరగబడి నవ్వింది. సొంత గుంపు కూడా నవ్వింది. ఆ పేరు గరుకమ్మను అంటిపెట్టుకుని ఉండిపోయింది.

ఏళ్లు గడిచాయి. గరుకమ్మ గుడ్లు పెట్టింది, పిల్లల్ని పెంచింది, పిల్లలు వేరే పుట్టలకు పోయాయి. బోడిబండ వైపు మాత్రం తలెత్తి చూసేది కాదు. ఊటకు పోవాలన్నా చుట్టుదారిన పోయేది. నా పట్టులో బలం చాలక పడ్డాను అని మనసులో అనుకునేది. అందుకని ఎవరూ చూడకుండా ఇప్పచెట్టు కొమ్మకు వేలాడి, రోజూ గోళ్లకు బలం పెంచుకునేది. అంత నవ్వులపాలయ్యాక కూడా పని మానలేదు చూడండి. నాకు ఈ జీవి మీద గౌరవం అక్కడే మొదలైంది.

అలా ఉండగా ఒక వేసవిలో ఊట ఆగిపోయింది. ముందు సన్నగిల్లింది, తర్వాత బురదైంది, తర్వాత ఆ బురద కూడా పగిలింది. కుందేళ్లు తడిమట్టి నాకి బతికాయి. జింకపిల్లలు నిలబడలేక పడుకుండిపోయాయి. కాకి పైకెగిరి చూసి వచ్చి, దొనలో నీళ్లు నిండుగానే ఉన్నాయనీ, ఆకులూ మట్టీ కొట్టుకొచ్చి నెర్రె నోట్లో ఒక రాయి ఇరుక్కుందనీ చెప్పింది. ముక్కుతో పొడిచి చూసిందట. రాయి కదల్లేదట.

తవ్వడం తెలిసిన పంది కొండ ఎక్కలేదు. ఎక్కడం తెలిసిన కొమ్మన్న బయల్దేరింది గానీ, పట్టుకోవడానికి కొమ్మలేని చోట నున్నటి బండమీద జారి, మోచేతులు గీరుకుని తిరిగొచ్చింది. ఎక్కాలి, తవ్వాలి కూడా. అందరి చూపులూ ఉడుముల వైపు తిరిగాయి. ఉడుములు నేలచూపులు చూశాయి.

గరుకమ్మ తను పోతానంది.

పట్టయ్య తాత వద్దన్నాడు. వయసులోనే చేతకాలేదు, ఇప్పుడేం చేతనవుతుందన్నాడు. గుంపు పరువు ఇంకోసారి తీయొద్దని కూడా అన్నాడు. నీళ్లు లేక కళ్లు తేలేసిన జింకపిల్లల్ని ఒకసారి చూసి, గరుకమ్మ కొండ వైపు నడిచింది.

తెల్లవారుతూనే, బండ వేడెక్కకముందే ఎక్కడం మొదలుపెట్టింది. మొదట్లో నెర్రెలున్నాయి, తేలిగ్గానే సాగింది. తర్వాత కోతి జారిన నున్నటి చోటు వచ్చింది. పొట్ట బండకు ఆనించి, గరుకు దొరికిన చోటల్లా గోరు దించి దాటింది. ఆ తర్వాత వచ్చింది, ఆ బొజ్జ.

అదే రాయి. అదే చోటు. కిందికి చూడకూడదు అనుకుంటూనే చూసింది. నాలుగు కాళ్లూ వాటంతటవే బిగుసుకున్నాయి. ఇన్నేళ్లు పెంచిన బలమంతా గోళ్లలోకి దిగింది. ఎంత బలమంటే, ఈసారి ఏనుగు లాగినా ఊడేది కాదు. కానీ ఒక్క అంగుళం పైకి పోలేదు.

కింద అడవి అంతా చేరింది. అందరూ భయంగా చూస్తున్నారు. పట్టయ్య తాత గొంతు పైదాకా వినిపించింది.

"వదలకు గరుకమ్మా. ప్రాణం పోయినా పట్టు వదలకు."

ఆ మాటలో ప్రేమ ఉంది. అబద్ధం లేదు. అయినా ఆ మాట వింటుంటే గరుకమ్మకు ఒళ్లు మండింది. ఆ రోజు మాత్రం నేను వదిలానా? పొద్దుటినుంచి సాయంత్రందాకా పట్టుకునే ఉన్నాను. అంతసేపు పట్టుకుని ఎందుకు పడ్డాను?

అప్పుడు తన ఇప్పచెట్టు మనసులో మెదిలింది. పిట్టగుడ్ల కోసం ఆ చెట్టు ఎన్నిసార్లు ఎక్కలేదు? అక్కడ ఒక కాలు వదులుతుంది, పైన వేస్తుంది, పట్టుకుంటుంది. తర్వాత ఇంకో కాలు. వదలకుండా ఏనాడూ ఎక్కలేదు. భయం లేదు కాబట్టి వదులుతున్నానని కూడా తెలియలేదు. ఇక్కడ భయం ఉంది. అందుకే నాలుగు కాళ్లూ పాతిపెట్టింది. ఎక్కే జీవి కాస్తా బండకు మేకు అయిపోయింది.

గరుకమ్మ ముందరి కుడికాలు ఎత్తాలనుకుంది. అది గోరు విరిగిన కాలు. కాలు మాట వినలేదు. ఇంకోసారి అనుకుంది. వినలేదు.

"లేవే," అని కాలితో మెల్లగా అంది. "మిగతా మూడూ ఉన్నాయి. లే."

కాలు లేచింది. ఒళ్లు పక్కకు ఊగింది. తోక బండకు టప్‌మని కొట్టుకుంది. కింద తాత కళ్లు మూసుకున్నాడు. గాల్లో తడుముతున్న కాలికి బొజ్జ పైఅంచున చిన్న గరుకు తగిలింది. గోళ్లు దిగాయి. తర్వాత ఎడమకాలు వదిలింది. తర్వాత వెనక కాలు. ప్రతిసారీ భయమేసింది. ప్రతిసారీ వదిలింది. బొజ్జ దాటింది.

కొండ నెత్తికి చేరి దొనలో మూతి పెట్టి కడుపునిండా తాగింది. తాగదా మరి? దప్పికతో చచ్చేవాళ్లు ఇంకొకరికి నీళ్లు తేలేరు. తర్వాత నెర్రె దగ్గర కూర్చుని తవ్వింది. ఆకులు లాగింది, మట్టి గోకింది, ఇరుక్కున్న రాయి చుట్టూ గోళ్లతో తొలిచి తొలిచి దాన్ని పక్కకు దొర్లించింది. దొన గుటకేసినట్టు చప్పుడైంది. కొండ అడుగున ఊట ముందు బురద కక్కింది, తర్వాత ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు. జింకపిల్లలకు తల్లులు తమ మూతులు నీళ్లలో ముంచి తెచ్చి నాకించాయి.

గరుకమ్మ దిగివచ్చేసరికి ఊట దగ్గర తోపులాటగా ఉంది. పట్టయ్య తాత ఒక్కడే పక్కన నిలబడి ఉన్నాడు.

"మధ్యలో వదిలావు," అన్నాడు.

"వదిలాను తాతా. ఒక్కోసారి ఒక్కో కాలు. వదలకపోతే ఇప్పటికీ అక్కడే ఉండేదాన్ని."

తాత బోడిబండ వైపు తలెత్తి చూశాడు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "పట్టుకోవడం గురించి అందరికీ చెప్పాను గానీ, నేనెప్పుడూ కొండ ఎక్కలేదు."

చూశారా పిల్లలూ? ఒక్కసారి పడి, అడవి అంతటి నవ్వూ మోసి, వయసు మళ్లాక అదే కొండకు తిరిగొచ్చింది. భయం పోయాక రాలేదు, భయం ఉండగానే వచ్చింది. తన గుంపు నేర్పినదాన్ని గౌరవించింది, అది చాలని చోట తన బుద్ధితో ఒక్క కాలు ఎత్తింది. అలాంటి జీవికి చేతులెత్తి మొక్కాలి.

నీతి: భయంతో బిగించిన పట్టు మనల్ని కాసేపు పడకుండా ఉంచుతుందేమో గానీ పైకి పోనివ్వదు, ఒకసారి ఓడిన చోటికి తిరిగి పోయేవాళ్లు బలంతో పాటు ఏది వదలాలో కూడా తెలుసుకుని పోవాలి. మీరు పడి వచ్చిన కొండ ఇంకా అక్కడే ఉంది. ఈసారి ఏ కాలు ముందు ఎత్తుతారు?