బొమికల మిట్ట మీద అంకెలు

రాయలసీమలో వాన దారి మరిచిపోయిన ఒక మూల, ఇసుక మేటల పక్కనున్న చిన్నవంకపల్లెలో ఎర్రిస్వామి అనే గొర్రెల కాపరి ఉండేవాడు. అతడు అందరినీ అనుమానించేవాడు, ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. పక్కింటివాడు "బాగుండావా అప్పా?" అని పలకరిస్తే, ఎందుకు పలకరించాడా అని మూడు రోజులు ఆలోచించేవాడు. భార్య నింగమ్మ ఒక పూట కూర రుచిగా వండితే, ఆమె పుట్టింటివాళ్లు ఎవరైనా దిగబడుతున్నారేమోనని వాకిలి వైపు చూసేవాడు.

ఊరి బయట బొమికల మిట్ట ఉండేది. చెట్టు లేదు, నీడ లేదు. ఎర్రటి గట్టి నేల, దాని మీద గాలి తెచ్చి పోసిన ఇసుక, అక్కడక్కడా ముళ్ల గడ్డి. ఆ నేలలో బొమికల ఆకారంలో రాళ్లు సగం పూడుకుని ఉండేవి. ఒకటి వెన్నుపూసలా ఉండేది, ఇంకొకటి పళ్లతో సహా దవడలా ఉండేది. అవి రాక్షసుల బొమికలని పెద్దలు చెప్పేవారు, అందుకని ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఎర్రిస్వామి గొర్రెలు అరవైకీ ఆ మిట్టే మేత. అది పోతే మంద అమ్ముకోవాల్సిందే.

ఒక మాఘమాసంలో పట్నం కాలేజీ నుంచి పర్వీన్ అనే టీచరమ్మ వచ్చింది. తలకు గుడ్డ చుట్టుకుని, చిన్న బ్రష్షుతో రాళ్ల చుట్టూ ఇసుక తుడిచేది. ఒక్కో రాయి మీద తెల్ల రంగుతో అంకె వేసేది, పుస్తకంలో రాసుకునేది. "నీళ్లు తాగుతావా అన్నా?" అని సీసా చాపేది. ఊరికే నీళ్లెవరిస్తారు అనుకుని ఎర్రిస్వామి దాహంతోనే వెళ్లిపోయేవాడు.

ఇలా మూడు వారాలు గడిచాక చలపతి అనే మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎర్రిస్వామి అతడినీ కింది నుంచి పైదాకా చూశాడు.

"నన్ను అనుమానంగా చూస్తాండావు గదా పెద్దన్నా. చూడాల్సిందే, కాలం అట్లుంది" అని నవ్వాడు చలపతి. "నాకైతే ఆ యమ్మ మీదే అనుమానం. రాళ్లకు నంబర్లు ఎందుకేస్తాదప్పా?"

"ప్లాట్లకేమో" అన్నాడు ఎర్రిస్వామి. మూడు వారాలుగా అతని కడుపులో ఉన్న మాట అదే. పట్నం ఏటేటా మిట్ట వైపు జరుగుతోంది. పక్క ఊళ్లో రాళ్లకు అంకెలు వేసిన నెలకే ఇళ్లు లేచాయి.

"నేనూ అదే అనుకున్యా. నీలాంటి మనిషికి చెప్పాల్సిన పనే లేదు. నంబరు రాయి ఉంటేనే కదా ప్లాటు. ఆ రాళ్లే లేకుంటే..." అని చలపతి మాట సగంలో వదిలేసి బండెక్కాడు.

ఎర్రిస్వామి అనుమానానికి అవునన్నవాడు పుట్టి బుద్ధెరిగాక అతనొక్కడే. ఆ సంతోషంలో ఈ చలపతి ఎవరు, ఎందుకొచ్చాడు అన్నది అతనికి తట్టనే లేదు.

"ఆ యమ్మనే అడగరాదా?" అంది నింగమ్మ.

"అడిగితే నిజం చెప్తాదా?" అన్నాడు ఎర్రిస్వామి.

పర్వీన్ పట్నం వెళ్లిన నాలుగు రోజుల్లో, గొర్రెలను మేతకు వదిలి, అతడు అంకె వేసిన రాళ్లన్నీ పెకలించాడు. అంకెలు గీకేసి, కంబళిలో మూటగట్టి ఎండిన వంకలో పోశాడు. మొత్తం అరవై ఒకటి. ఇక మిట్ట జోలికి ఎవరూ రారని తృప్తిగా బీడీ వెలిగించాడు.

ఐదో రోజు జీపు వచ్చింది. పర్వీన్‌తో పాటు ఒక అధికారి దిగాడు. వాళ్ల వెనకే చలపతి, చంకలో ఒక చుట్టిన కాగితంతో. మిట్ట మీద రాళ్లు లేవు, గుంటలున్నాయి. పర్వీన్ ఒక గుంట పక్కన కూలబడిపోయింది.

"ఫోటోలున్నాయి సార్" అంది సన్నగా.

"ఫోటోలో రాయి కనిపిస్తుందమ్మా, ఏ ఊరి రాయో కనిపించదు" అన్నాడు అధికారి. "కోట్ల ఏళ్ల నాటి జంతువులు ఇక్కడే చచ్చి ఇక్కడే రాళ్లయ్యాయని తేలితే ఇళ్లు కట్టకుండా ఆపుతాను. గొర్రెలు మేస్తే నాకు అడ్డు లేదు. రుజువు లేకుంటే మాత్రం ఈయన వెంచరును ఆపే వీలు నాకు లేదు."

చలపతి కాగితాన్ని జీపు మీద పరిచాడు. ఎర్రిస్వామికి చదువు రాదు గానీ మిట్ట ఆకారం తెలుసు. మిట్ట మొత్తం గళ్లు గళ్లుగా కోసి ఉంది. నోరు మూసుకుని ఉంటే అతని పని ఎవరికీ తెలియదు. కానీ పర్వీన్ ముఖం చూశాక సిగ్గుతో అతనికి నిలబడబుద్ధి కాలేదు.

"రాళ్లు తీసింది నేనమ్మా. నువ్వు ప్లాట్లు వేస్తాండావనుకున్యా."

పర్వీన్ లేచి అతని ఎదురుగా వచ్చింది. "మూడు వారాలు నీ కళ్ల ముందే ఉన్నాను కదన్నా. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని" అంది.

"ఏ గుంట రాయిని ఆ గుంటలో నేను పెడ్తా" అన్నాడు ఎర్రిస్వామి. "పొద్దుగూకితే గంపల కింద మూసిన గొర్రెపిల్లల్ని తీసి, ఏ తల్లి పిల్లను ఆ తల్లి కిందికి వదుల్తాం. ఒకటి మారినా తల్లి తంతాది. నా మందలో ఎప్పుడూ మారలేదు."

"మూడు రోజులకు వస్తాను. వదులుగా కూర్చున్న రాయిని నేను నమ్మను" అన్నాడు అధికారి.

తెల్లారేసరికి చలపతి యంత్రం మిట్ట తూర్పు సగాన్ని చదును చేసేసింది. దారి బాగు చేస్తున్నామన్నాడు. ఆ సగంలో పద్దెనిమిది గుంటలు మాయమయ్యాయి. తర్వాత అధికారి చీవాట్లు పెట్టాడు గానీ, చీవాట్లకు గుంటలు తిరిగొస్తాయా?

రాళ్లన్నిటినీ ఎర్రిస్వామి, పర్వీన్ వంకలోంచి మోసుకొచ్చారు. గుంటలు మిగిలింది నలభై మూడింటికే. అతడు ఒక్కో రాయినీ తిప్పి చూసి, ఒక్కో గుంట దగ్గరికి తడబడకుండా నడిచాడు. అధికారి వచ్చి తన చేత్తో ఒక్కొక్కటీ లేపి చూశాడు. రాయి అడుగున ఉన్న గాట్లు గుంట అడుగున అచ్చులా దిగి ఉన్నాయి. పడమటి సగం నిలిచింది. తూర్పు సగంలో ఇళ్లు లేచాయి. పద్దెనిమిది రాళ్లు ఎర్రిస్వామి దొడ్డి గోడ వారన, తల్లి దొరకని గొర్రెపిల్లల్లా మిగిలిపోయాయి. వాటిని చూసినప్పుడల్లా అతనికి ఏడుపొచ్చేది.

కొన్నాళ్లకు చలపతి మళ్లీ వచ్చాడు. "పెద్దన్నా, ఆ యమ్మ రాళ్లు అమ్ముకుంటాండాదంట. నీకు అనుమానం రాలేదా?"

"వచ్చిందప్పా" అన్నాడు ఎర్రిస్వామి, కర్ర భుజాన వేసుకుంటూ. "పా, ఇద్దరం పోయి ఆ యమ్మనే అడుగుదాం."

చలపతికి ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చింది.

నీతి: అనుమానపడటం తప్పు కాదు, అడగకపోవడమే తప్పు, మన అనుమానానికి వంత పాడేవాడిని అందరికంటే ముందు అడగాలి.