ఎర్రమ్మ ఇంటి మైల

"చచ్చి పుట్టిన బిడ్డకి మైల పడతాదా, అత్తా?" అని సన్యాసమ్మ తన గురువును అడిగింది. గురువంటే మంత్రసాని దాలమ్మ. నలభై ఏళ్లుగా ఊళ్లో సగం మందిని ఈ లోకంలోకి లాగిన మనిషి. వాళ్లలో కొందరిని చూస్తే, లాగకుండా ఉండాల్సిందని ఆమెకే అనిపించి ఉంటుంది. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఒడిలో మల్లెమొగ్గలు పోసుకుని, "రాయే" అని నడిచింది.

వాళ్లు వెళ్లింది ఎర్రమ్మ ఇంటికి. పేరుకే ఎర్రమ్మ, మనిషి నేరేడుపండు. నల్లటి ఒంటికి నొప్పి తెలియదని ఊరి నమ్మకం. అందుకని బరువైన మోతలన్నీ ఆమెకే మిగిల్చేవారు. మూడు రోజుల కింద ఆమెకు బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. పేరు పెట్టని బిడ్డకు మైల లేదని పురోహితుడు ఒక్క క్షణంలో తేల్చేశాడు. సొంత పెళ్లి తిథి అడిగితే మాత్రం ఆయన పంచాంగం వెతుక్కుంటాడు. ఊరికి అది చాలా సుఖమైన తీర్పు. మైల లేదు కనుక చావు లేదు, చావు లేదు కనుక పరామర్శ లేదు. పక్కింటివాళ్లు ఆ పూటే పులుసు కాచుకున్నారు. మూడో రోజు పొద్దున్నే వేరుశనగ పీకడానికి రమ్మని ఎర్రమ్మకు కబురు కూడా వచ్చింది.

పాలు ఆగడానికి మల్లెమొగ్గలు రొమ్ములకు కట్టుకోవాలి. దాలమ్మ వాటిని గుడ్డలో పరుస్తుండగా పెద్దింటి కామాయమ్మ గుమ్మంలోకి వచ్చింది. వెనక పనిమనిషి చేతుల్లో పదిరోజుల మనవడు. కోడలికి పాలు పడలేదు, ఆవుపాలు పసివాడికి ఇమడటం లేదు. వీధిలో సగం మంది ఆమె వెంటే వచ్చారు. వాళ్లకు వేరే పని లేదు. ఉన్నా చేసేవాళ్లు కాదు.

"ఆవు నల్లదైతే పాలు నల్లగుంటాయా," అంది కామాయమ్మ నవ్వుతూ. అని, గేదె పొదుగు చూసినట్టు ఎర్రమ్మ రొమ్ము పట్టుకుని నొక్కి చూసింది.

ఎర్రమ్మ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, తీసి పక్కన పెట్టింది. పెద్దింటివాళ్ల చేతిని ఆ వీధిలో అంతవరకు ఎవరూ తీసి పక్కన పెట్టలేదు.

"నాకు బిడ్డే లేదని మూడు రోజుల కాడ్నించి ఊరంతా అంటన్నారు కదా తల్లీ. బిడ్డ లేని ఒంట్లో పాలెక్కడివి?"

అప్పుడే పసివాడు ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఎర్రమ్మ రవిక రెండు వైపులా తడిసిపోయింది. అందరూ చూశారు.

"చూశావా, నీ ఒళ్లే ఒప్పుకుంది," అంది కామాయమ్మ.

"నాకో బిడ్డున్నాదని ఒప్పుకుంది. మీ బిడ్డకిస్తానని కాదు."

దాలమ్మ మొగ్గలు పరుస్తూనే ఉంది. "సాలెవీధిలో బాలింతలు ముగ్గురున్నారమ్మా," అంది తల ఎత్తకుండా. "అడిగితే ఒకరైనా ఇస్తారు."

కామాయమ్మ ఆ మట్టినేల మీదే కూర్చుంది. "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగింది.

మూడు రోజుల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"ఆడపిల్ల," అంది ఎర్రమ్మ. అంతవరకు తడవని కళ్లు అప్పుడు తడిశాయి. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నల్లటి ఒంటికి నొప్పి తెలియదన్నవాళ్లంతా గోడల వైపు చూశారు. ఏడుపు తగ్గాక మొగ్గల గుడ్డ అందుకుని, తన చేత్తోనే బిగించి కట్టుకుంది.

కామాయమ్మ మనవణ్ణి సాలెవీధికి పంపించి ఇంటికి పోయింది. లోపలికి వెళ్లలేదు. చావింటి నుంచి వచ్చినవాళ్లలాగే పెరట్లో నిలబడి తలమీద బిందెడు నీళ్లు పోసుకుంది. ఆ జుట్టు ఆరకముందే కబురు ఊరంతా తిరిగింది. సాయంత్రానికి బావి దగ్గర చోటు దొరకలేదు. చెమట పట్టిందని కొందరు, తల దురద పెట్టిందని కొందరు తలకి పోసుకున్నారు. ఎండ మండిపోతోందని పురోహితుడు కూడా రెండు చేదలు కుమ్మరించుకున్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

సన్యాసమ్మ ఆ గుంపును చూసి, "మరి నేనూ తలకి పోసుకోవాలా, అత్తా?" అంది.

"ఆ ఇంటికి నువ్వు పనికెళ్లావో, పరామర్శకెళ్లావో నాకేటి తెలుసే, గుంటా," అంది దాలమ్మ.