మౌలమ్మ జబ్బు

సత్తార్ బాబా శిష్యుడు దస్తగిరికి ఒక సందేహం పట్టుకుంది. గురువారం సాయంత్రం తల్లితో కలిసి దర్గాకు వచ్చాడు. తల్లి మౌలమ్మ ఆవరణలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని, అన్నదానానికి బియ్యం ఏరసాగింది. దస్తగిరి లోపలికెళ్ళి బాబా పక్కన కూర్చున్నాడు.

"బాబా, ఎవరికీ నష్టం లేని అబద్ధం కూడా పాపమేనా?"

"ఏం అబద్ధం నాయనా?"

"ఈసారి ఆదాయపు పన్ను రిటర్నులో అమ్మ వైద్యానికి చాలా ఖర్చయిందని చూపించాను. గొంతు కేన్సరని ఒక డాక్టరు చేత చీటీ రాయించాను. కట్టిన పన్ను చాలావరకు వెనక్కి వచ్చింది. మా ఆఫీసులో ఇలా చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అమ్మ చూస్తే గుండ్రాయిలా ఉంది. ఎవరికేం నష్టం?"

తస్బీ పూసలు తిప్పుతున్న బాబా వేళ్ళు ఆగిపోయాయి.  ఆయన లేచి గడప దాకా వెళ్ళాడు.

"అందరూ చేతులెత్తండి. మన మౌలమ్మకు గొంతు కేన్సరని డాక్టరు చీటీ ఉందట. ఆమె కోసం దువా చేద్దాం."

ఆవరణలో ఒక్కొక్కరే చేతులెత్తారు. మౌలమ్మ ఒళ్ళోంచి చేట జారి బియ్యమంతా నేల మీద పడింది.

దస్తగిరి బయటికి పరుగెత్తేసరికి తల్లే ఎదురొచ్చింది. ఏడవలేదు. రెండు చేతులతో అతని చెంపలు పట్టుకుంది.

"అందుకా, ఆమధ్య ఆసుపత్రిలో నన్ను బయట కూర్చోబెట్టి నువ్వొక్కడివే లోపలికి పోయింది? ఇంత బాధ ఒక్కడివే ఎట్లా మోశావురా?"

"లేదమ్మా! నీకే జబ్బూ లేదు. పన్ను తప్పించుకోవడానికి నేనే అబద్ధం రాయించాను."

"నేను భయపడతానని అంటున్నావులే." ఆమె చెయ్యి మెల్లగా గొంతు మీదికి పోయింది. "ముద్ద మింగేటప్పుడు నాకూ అనుమానంగానే ఉంది."

దస్తగిరి వెనక్కి తిరిగి బాబా కాళ్ళ మీద పడ్డాడు.

"రేపే రిటర్ను సరిదిద్దుతాను. వచ్చిందంతా తిరిగి కట్టేస్తాను. మీరైనా చెప్పండి బాబా, అమ్మ నమ్మడం లేదు."

మౌలమ్మ ఇంకా గొంతు తడుముకుంటూనే ఉంది. బాబా అటే చూస్తూ అన్నాడు.

"పన్ను కట్టడం తేలిక నాయనా. ముందు ఆ చెయ్యి దించు."